బజారు నడిమి ముంగిలి

హైదరాబాదునందలి మొజంజాహి మార్కెట్టు 1935వ సంవత్సరమున రాతితో గట్టబడెను. గడియారపు గోపురమునుండి అంగళ్ల బారులు రెండు ప్రక్కలకు సాగి, నడుమ విశాలమైన ముంగిలిని విడిచినవి. బాలబాలికలారా, ఆ కట్టడమునకు ప్రాణమీ ముంగిలియే. కాలక్రమమున నది బండ్లు నిలుపు చోటయ్యెను. సరకు గొన్నవారికి క్షణమాగి పలుకరించుకొన నెడము లేకపోయెను.

2018లో మొదలై 2020లో ముగిసిన జీర్ణోద్ధరణమున కప్పులను బాగుచేసి, రాతిని గడిగిరి. మెచ్చదగినదే. కాని ముంగిలినుండి బండ్లను వెడలించుట యంతకంటె ఘనకార్యమని నా తలంపు. బండి నిలుపుకొను చోటు నెవ్వరు సులభముగ విడుతురు? అత్తరులు, ఐసుక్రీములు అమ్ము పాత యంగళ్లును అచ్చటనే నిలిచినవి. అవియే లేకున్న, సాయంకాలము కుటుంబములచట గూర్చుండుటకు గారణమేమి? ముంగిట సంగీతసభలును జరిగినవి.

మన యూరి బజారునకు బోయి, మనుష్యులు నిలుచు చోటెంతయో, బండ్లు నిలుచు చోటెంతయో పటము గీసి తెండు.