రోషన్‌దాన్ మూసిన ఇల్లు

గాలి చెడిపోయినదనగానే మన దృష్టి వీధి వైపునకు మళ్ళుతుంది. లారీల పొగ, కర్మాగారాల గొట్టాలు, రోడ్డు దుమ్ము స్ఫురిస్తాయి. కాని మనలో స్త్రీలు, పసిపిల్లలు, వృద్ధులు దినములో అధిక భాగం గడిపేది నాలుగు గోడల మధ్యనే. వయసు వచ్చిన మనిషి ఒక దినంలో పీల్చే గాలి సుమారు పది వేల లీటర్లు. త్రాగే నీటిని గుడ్డతో వడగట్టి, కాచి, చల్లార్చి మరీ త్రాగే మనం, ఇంటిలోని గాలి ఎట్టిదని ఎన్నడైనా విచారించామా?

మాకు ఈ విచారం పుస్తకాల వలన కలిగినది కాదు. కర్నూలు పాతబస్తీలోని మా పూర్వుల ఇంటిలో బావర్చీఖానా గోడపై, కప్పుకు జానెడు దిగువన, రెండు రోషన్‌దాన్లు ఉండేవి. కట్టెల పొయ్యి మీద, కరువు దినాలలో పొట్టు పొయ్యి మీద, మా దాదీమా ఇంటిల్లిపాదికీ వండేవారు. పొగ పైకి లేచి ఆ కంతల గుండా వెళ్ళిపోయేది. 1996లో ఇల్లు భాగాలు పంచుకొన్నప్పుడు ఆ గోడ పక్క వాటాకు హద్దు అయినది. పావురాలు గూళ్ళు పెడుతున్నవనే సాకు కూడ తోడయి, రెండింటినీ ఇటుకలతో మూసివేశారు. ఎవరికీ ఏమీ తోచలేదు. మగవారు వీధి అరుగు మీద కూర్చునేవారు. పొగ వారిని చేరదు. అయిదేండ్లకు గ్యాసు వచ్చినది, పొగ పోయినది, దాదీమా దగ్గు మాత్రం పోలేదు. 2005లో పరీక్షించిన వైద్యుడు మొదట అడిగిన ప్రశ్న, "ఈమెకు బీడీలు త్రాగే అలవాటు ఉన్నదా?" అని. దాదీమా నవ్వారు. మాకు నవ్వు రాలేదు. పొగ వలన ఇరుకుపడిన ఊపిరితిత్తుల దారులు, పొగ మానినంత మాత్రాన మునుపటివలె విచ్చుకోవని ఆ దినమే తెలిసినది.

ఆమెకు జరిగినది ఒక్క ఇంటి కథ కాదు. వంటింటి పొగ వలన 2020లో ప్రపంచ వ్యాప్తంగా సుమారు 32 లక్షల మంది అకాల మరణం పొందినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో అయిదేండ్లు నిండని పిల్లలే రెండు లక్షలకు పైబడినారు. తల్లి చంకలో ఉన్న బిడ్డ, తల్లి పీల్చినదే పీల్చును గదా! పొగలో అపాయకరమైనది కంటికి కనిపించే మసి కాదు. 2.5 మైక్రాను కంటే చిన్నవైన రేణువులు, అనగా తల వెంట్రుక మందంలో ముప్పయ్యవ వంతు పాటివి, ముక్కులో గాని గొంతులో గాని ఆగక ఊపిరితిత్తుల అడుగు వరకు దిగిపోతాయి. కొన్ని రక్తంలోనూ చేరుతాయి. ఈ రేణువులు ఘనపు మీటరు గాలిలో ఏడాది సగటున 40 మైక్రోగ్రాములు దాటరాదని 2009లో మన దేశం నిర్ణయించుకొన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఆ హద్దును 5కు దించినది.

ఈ సంగతి మనవారికి తెలియనిదీ కాదు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయంలో పని చేసిన ఎస్.పి. రాజు గారు పొగగొట్టంతో కూడిన పొయ్యిని రూపొందించి, 1953లో దాని మీద ఒక చిన్న పుస్తకమే ప్రకటించారు. 1981లో కర్క్ స్మిత్ అను అమెరికను శాస్త్రవేత్త, మన దేశపు సహచరులతో కలిసి, గుజరాతు గ్రామాలలో వంట చేసే స్త్రీలకే కొలత యంత్రాలు తగిలించి, వారు పీల్చే పొగ నగర వీధులలోని దానికి ఎన్నో రెట్లని నిరూపించాడు. తరువాత 1999లో మన రాష్ట్రంలో దీపం పథకం, 2016లో ఉజ్జ్వల పథకం వచ్చినవి. సిలిండరు ఇంటికి వచ్చుట ఒకటి, అయిపోయినప్పుడు మరల కొనగలుగుట మరొకటి. ఖాళీ సిలిండరు మూలన ఉండగా కట్టెల పొయ్యి వెలిగే ఇండ్లు మేమెరుగుదుము.

ఇక రోషన్‌దాన్ మాట. వేడెక్కిన గాలి తేలికై పైకి లేస్తుంది. పైన దారి ఉంటే వెలుపలికి పోతుంది. ఆ వెలితిని పూరించుటకు క్రింది నుండి చల్లని గాలి లోనికి వస్తుంది. రెండు కంతలు కావలెను, ఒకటి క్రింద, ఒకటి మీద. ఒక్క కిటికీ తెరిచి గాలి రాలేదనుట, ఒకే కన్నం పొడిచిన డబ్బా నుండి నూనె ధారగా కారలేదనుట వంటిది. పరదా పాటించే మన ఇండ్లలో, ఎదుటివారి చూపు పడునని వీధి కిటికీలు తెరువరు. ఆ సంకోచాన్ని మేము తప్పు పట్టము. మన పెద్దలు దానికి ఉపాయం చూపే ఉన్నారు. మనిషి తలకు మించిన ఎత్తున ఉన్న రోషన్‌దాన్ గుండా గాలి పోవును, చూపు రాదు. నేటి తక్కువ ఎత్తు కప్పుల ఇండ్లలో దాని స్థానంలో ఒక ఎగ్జాస్టు ఫ్యాను పెట్టవచ్చును. అయితే ఫ్యాను తిరిగేటప్పుడు తలుపు సందైనా తెరిచి ఉండవలెను. గ్యాసు పొయ్యి ఉన్నవారు తమకిది అవసరం లేదనుకొనరాదు. ఆ మంట నుండి నైట్రొజన్ డయాక్సైడు, కాగిన నూనె నుండి సన్నని రేణువులు వెలువడుతాయి. మిరపకాయల తిరగమోత వేసినప్పుడు ఇల్లంతా దగ్గుట అందరికీ అనుభవమే.

పొయ్యి ఒక్కటే దోషి కాదు. ఒక్క దోమల చుట్ట పూర్తిగా కాలితే వెలువడే సన్నని రేణువులు 75 మొదలు 137 సిగరెట్ల పాటివని 2003లో ప్రకటితమైన ఒక పరిశోధన తేల్చినది. తలుపులు బిగించి, మంచం క్రింద చుట్ట వెలిగించి పడుకొనే వారు దీనిని గమనింతురు గాక! దోమతెర ఖరీదు ఎక్కువేమీ కాదు. లోబాన్, అగరువత్తుల సువాసన మాకూ ప్రియమైనదే. వేసిన పిదప కాసేపు తలుపు తెరిచి ఉంచితే చాలును. చలికాలంలో మూసిన గదిలో బొగ్గుల అంగీఠీ పెట్టుకొనుట మాత్రం ప్రాణాంతకం. అందుండి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. అది ప్రాణవాయువు కంటే రెండు వందల రెట్లకు పైగా బలంగా నెత్తురును పట్టుకొంటుంది. నిద్రించినవారు మేల్కొనరు.

కుండీలో మొక్క పెడితే గాలి శుభ్రమగునని కొందరు విద్యార్థులు మాతో వాదించారు. 1989లో అమెరికా అంతరిక్ష సంస్థ మూసిన చిన్న పెట్టెలలో చేసిన ప్రయోగం దీనికి ఆధారం. 2019లో పరిశోధకులు లెక్క కట్టి చూడగా, మామూలు ఇంటిలో కిటికీ చేసే పని మొక్కలు చేయవలెనంటే చదరపు మీటరుకు 10 మొదలు 1000 మొక్కలు అవసరమని తేలినది. మొక్కలు పెంచండి, కంటికి ఇంపు. కిటికీ మాత్రం మూయకండి. రద్దీ రోడ్డు ప్రక్కన ఇల్లున్నవారు వాహనాల వేళ తప్పించి, మధ్యాహ్నమో రాత్రి ప్రొద్దుపోయాకో తెరవవచ్చును.

జర్మనీ దేశపు మాక్స్ పెట్టెన్‌కోఫర్ 1858లోనే ఒక కొలత చెప్పాడు. గది గాలిలో బొగ్గుపులుసు వాయువు వెయ్యి పాళ్ళకు ఒక పాలు మించితే అది వాసయోగ్యం కాదు. మన హాస్టలులో ఒక్కొక్క గదిలో ఆరుగురు పడుకొంటున్నారు. దోమల భయంతో వెంటిలేటర్లకు పాత వార్తాపత్రికలు అంటించి ఉన్నవి. గత డిసెంబరులో ఒక ఉదయం ఆ గదులలోనికి వెళ్ళిన మాకు, మా పాత బావర్చీఖానా జ్ఞప్తికి వచ్చినది. విద్యార్థులు కాగితాలు తీసివేయుటకు సిద్ధంగా ఉన్నారు. కళాశాల కమిటీ వారు ఆ వెంటిలేటర్లకు సన్నని ఇనుప జాలీలు వేయించగోరుతున్నాము. పరీక్షలకు ముందే ఆ పని జరుగుట మంచిది.