1952: ప్రజల మాట

స్వతంత్ర భారత చరిత్రలో 1952వ సంవత్సరము మరువరానిది.

1951 అక్టోబరులో ఆరంభమైన మొదటి సార్వత్రిక ఎన్నికలు ఆ యేడు ఫిబ్రవరిలో ముగిసెను. 17 కోట్లకు పైబడిన వోటర్లలో అధిక సంఖ్యాకులు చదువురానివారు. అందుచేత ప్రతి అభ్యర్థికి ఒక గుర్తును, ఆ గుర్తు గల వేరు పెట్టెను ఏర్పరచిరి. జమీందారునకైనను, కూలివానికైనను వోటు ఒక్కటే.

ఎన్నికలు సాగుచుండగనే, ఫిబ్రవరి 10న చెన్నపట్టణమున భారత క్రికెట్ జట్టు ఇంగ్లండును ఓడించి, టెస్టు ఆటలలో తొలి విజయమును పొందెను. ఆ ఆటలో వినూ మన్కడ్ 12 వికెట్లు తీసెను. జూలైలో హెల్సింకి ఒలింపిక్ క్రీడలందు మన హాకీ జట్టు స్వర్ణ పతకమును గెలిచెను. జనులిచ్చిన చందాలతో అచటికి వెళ్లిన మరాఠీ మల్లుడు ఖాశాబా జాధవ్ కుస్తీలో కాంస్య పతకమును సాధించెను. స్వతంత్ర భారతమున ఒక వ్యక్తి గెలిచిన మొదటి ఒలింపిక్ పతకమదియే.

సంవత్సరాంతము మాత్రము దుఃఖమయమయ్యెను. ఆంధ్రులకు ప్రత్యేక రాష్ట్రము కావలెనని పొట్టి శ్రీరాములుగారు అక్టోబరు 19న చెన్నపట్టణమున నిరశన వ్రతము పూనిరి. ప్రభుత్వము జాగు చేసెను. 58 దినములు ఉపవసించి, డిసెంబరు 15న ఆయన ప్రాణములు విడిచిరి. ఆంధ్రదేశము అట్టుడికినట్లుడికెను. పోలీసు కాల్పులలో పలువురు మరణించిరి. డిసెంబరు 19న ప్రధాని నెహ్రూ రాష్ట్ర నిర్మాణమునకు సమ్మతి ప్రకటించిరి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము అవతరించెను.

కోట్లాది వోట్లను ఓపికతో లెక్కించిన ప్రభుత్వమే, ఒక మహనీయుని మొరను సకాలమున ఆలకింపలేకపోయెను. ఎన్నికల నాడే కాక, ఎల్లవేళల ప్రజల మాట వినుటయే ప్రజాప్రభుత్వ ధర్మము.