నాగలి పేటెంటు వ్యాజ్యము

మేమెఱిగిన యొక కమ్మరి గొఱ్ఱు జడ్డిగమును కొంచెము పైకి జరిపి బిగించెను. దానికి పేటెంటు దొరకునని యెవరో చెప్పగా, దరఖాస్తు ఖర్చులకై సంఘమును అప్పు కోరుచున్నాడు. ఇయ్యదగునా?

పేటెంటనగా, కల్పించినవాని యనుమతి లేక ఇతరులు ఆ వస్తువును చేయుట, అమ్ముట కూడదను హక్కు. మన దేశమున దీని గడువు దరఖాస్తు నాటినుండి 20 సంవత్సరములు. సేద్యపు పద్ధతికి మన చట్టము ఈ హక్కు నొసగదు, పనిముట్టునకు ఒసగవచ్చును. అయితే వస్తువు కొత్తదైనంతనే చాలదు. ఆ పనిలో సాధారణమైన నేర్పుగలవానికి తానై తట్టు మార్పునకు హక్కు లేదు.

ఇందుకు అమెరికా దేశపు నాగలి వ్యాజ్యము మంచి పాఠము. అచ్చట ఱాతినేలలలో ఉలి నాగళ్ల ఉక్కు కాళ్లు ఱాళ్లకు తగిలి విఱుగుచుండెను. విలియం గ్రాహము అనునతడు కాలిని స్ప్రింగు పట్టుతో బిగించి, ఱాయి తగిలినప్పుడు పైకి లేచి మరల దిగునట్లు చేసెను. దానికి 1950లో పేటెంటు వచ్చెను. కాని కాలు కీలుపలకకు పైన నుండుటచే మీది పలకను రాచి అఱుగదీయుచుండెను. ఆ పలకను మార్చుట కష్టము. అంతట నతడు కాలిని కీలుపలక క్రిందికి మార్చి, 1953లో రెండవ పేటెంటు పొందెను. ఈ రెండవదానిపైననే జాన్ డీర్ కంపెనీతో వ్యాజ్యము నడచెను. ఒక అప్పీలు కోర్టు పేటెంటు చెల్లుననెను, మఱియొకటి చెల్లదనెను.

1966 ఫిబ్రవరి 21న సుప్రీము కోర్టు చెల్లదని తీర్చెను. పూర్వమేమున్నది, ఇప్పటిదానికి దానికి భేదమేమి, ఆ వృత్తివాని సామాన్యపు నేర్పెంత, అని విచారింపవలెనని న్యాయమూర్తి టామ్ క్లార్కు వ్రాసెను. పైనున్న కాలు పలకను రాచుచుండగా, దానిని క్రిందికి మార్చుట పనివానికి వెంటనే తోచునదే. క్రిందనున్న కాలు నిడివియంతయు చక్కగా వంగునని గ్రాహము పక్షము వాదించెను గాని, ఆ మాట పేటెంటు కార్యాలయమున ఎన్నడును చెప్పియుండలేదు.

ముడి విప్పి చూపినపిమ్మట ఇంతేనా యనుట అందఱికి సులభమే. న్యాయస్థానమునకు ఆ యెఱుక లేకపోలేదు. ఆడమ్సు అనునతడు మెగ్నీషియమును, రాగి క్లోరైడును చేర్చి నీరు పోసిన పనిచేయు బ్యాటరీ కల్పించెను. రెండును పాత వస్తువులే. అయినను అది పనిచేయునని నిపుణులే మొదట నమ్మలేదు. ఆ పేటెంటు అదే దినమున నిలిచినది.

మన సుప్రీము కోర్టును 1978లో, పాత్రలను లేతు యంత్రమునకు పట్టించు సాధనపు పేటెంటును ఇట్టి కారణముననే రద్దుచేసెను.

కావున జడ్డిగము ఎత్తుటచే విత్తనము పడు తీరులో ఎవరు నూహింపని భేదమేమి కలిగెనని ఆ కమ్మరి నడిగితిమి. సంతలో చూపినయెడల హక్కు చెడవచ్చును గనుక, తన చేనిలోనే సాళ్లు కొలిచి వ్రాసి తెమ్మంటిమి. పేటెంటు కార్యాలయపు పాత పత్రములను రుసుము లేకయే వెదకి చూడవచ్చును. అందు మేము తోడ్పడుదుము. అప్పు సంగతి ఆ పిమ్మట.