సమాచారాన్ని ఏ మూటలో కట్టాలి?

కంప్యూటరు యుగమని గర్వంగా చెప్పుకొంటున్న ఈ రోజుల్లో ప్రోగ్రాము రాయటం విద్యార్థులకు కొత్త విద్య కాదు. కాని ఆ ప్రోగ్రాము కూడబెట్టిన సమాచారాన్ని ఏ రూపంలో దాచాలి, మరో యంత్రానికి ఏ రూపంలో పంపాలి అన్నది మాత్రం మనం చివరిదాకా పట్టించుకోము. ఈ వ్యాసంలో ఆ విషయమే చూద్దాం.

యంత్రం జ్ఞాపకంలో సమాచారం అక్కడక్కడా పరచుకొని ఉంటుంది. దాన్ని ఫైలులో దాచాలంటే ఒక వరుసలో పేర్చాలి. అవతలి యంత్రం విప్పినప్పుడు అదే అర్థం రావాలి. దీనినే సీరియలైజేషన్ అంటారు. కల్లంలో వడ్లు బస్తాకెత్తి, మూతి కుట్టి, చీటీ కట్టి మార్కెట్టుకు పంపటం వంటిదే ఇది. చీటీ పోతే సరుకు ఎవరిదో తేలదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మా ఉప్పల్, పోచారం వైపు పొలాలు పోయి కాలనీలు, సాఫ్ట్‌వేర్ ప్రాంగణాలు వచ్చినా, భూమి కాగితాల్లో నడిచేది ఇంకా సర్వే నంబర్లే. మనం నలుగురం కలిసి ఊరి భూముల వివరాలు దాచే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాము రాస్తున్నామనుకోండి. ఏ ఫార్మాట్ ఎన్నుకోవాలి?

అన్నిటికన్నా తేలిక సి.ఎస్.వి. ఒక్కో వరుసలో కామాలతో విడదీసిన మాటలు, అంతే. కాని ఏది అంకె, ఏది మాట అని అందులో రాసి ఉండదు. సర్వే నంబరు 5/2 ఉన్న ఫైలును ఎక్సెల్‌లో తెరిస్తే అది తేదీగా మారిపోతుంది! ఇది నవ్వులాట కాదు. ఇదే బాధ పడలేక జన్యువులకు పేర్లు పెట్టే అంతర్జాతీయ సంఘంవారు 2020లో కొన్ని జన్యువుల పేర్లనే మార్చుకొన్నారు.

యామెల్ చదవటానికి అందంగా ఉంటుంది. కాని దాని పాత పద్ధతిలో కొటేషన్ గుర్తులు లేకుండా 'నో' అని ఇంగ్లీషులో రాస్తే 'కాదు' అని అర్థం చేసుకొంటుంది. నార్వే దేశపు సంకేతాక్షరాలు కూడా అవే కదా! 1998లో ప్రమాణమైన ఎక్స్.ఎం.ఎల్. బరువైనది, కాని ప్రతి వివరానికీ పేరు చీటీ ఉంటుంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా వ్యాసాలన్నీ ఆ రూపంలోనే ఎవరైనా దింపుకోవచ్చు. గూగుల్‌వారు 2008లో బయటపెట్టిన ప్రోటోకాల్ బఫర్స్ చిన్నది, వేగమైనది. అయితే అది కంటికి కనపడని బైనరీ. విప్పాలంటే దాని నమూనా పత్రం చేతిలో ఉండాలి.

ఇక జేసన్. దాన్ని మనిషీ చదువుతాడు, యంత్రమూ చదువుతుంది. తెలుగు విషయంలో మాత్రం ఒక జాగ్రత్త కావాలి. 'తెలుగు' అన్న మాటలో యూనికోడ్ లెక్కన ఆరు గుర్తులు. యు.టి.ఎఫ్.-8లో అవి 18 బైట్లు. కొన్ని ప్రోగ్రాములు అడగకుండానే ఒక్కో గుర్తును ఆరేసి ఇంగ్లీషు అక్షరాల సంకేతంగా మార్చేస్తాయి. అప్పుడు బైట్లు 36 అవుతాయి, మనిషికేమో ఒక్క ముక్క అర్థం కాదు. ఆ అలవాటును మాన్పించాలి.

అసలు ప్రమాదం మరొకటున్నది. తెలంగాణ రైతు కాగితంలో 2.30 అంటే రెండెకరాల ముప్పై గుంటలు. ఎకరానికి 40 గుంటలు. దీన్ని దశాంశంగా దాస్తే యంత్రం చివరి సున్నా తీసి 2.3 చేస్తుంది. చూసేవాడు రెండెకరాల మూడు గుంటలనుకొంటే 27 గుంటలు మాయం! 2.30కి 1.20 కలపమంటే యంత్రం 3.50 అంటుంది; నిజానికి వచ్చేది నాలుగెకరాల పది గుంటలు. ఈ తప్పును ఏ ఫార్మాటూ దానంతటది ఆపలేదు. ఎకరాలు ఒక గడిలో, గుంటలు ఒక గడిలో పూర్ణాంకాలుగా పెట్టాలి. సర్వే నంబరును, 12/అ వంటి బై నంబరును మాటగానే ఉంచాలి.

వెనకటి సంగతి కూడా మరువరాదు. యూనికోడ్ వాడుకలోకి రాకముందు తెలుగు డి.టి.పి. పనంతా ఒక్కో ఫాంటుకు ఒక్కో సొంత సంకేతంతో సాగింది. ఆ ఫాంటు లేని యంత్రంలో ఆ ఫైళ్ళు తెరిస్తే కనిపించేది పిచ్చి గీతలే. అక్షరాలున్నాయి, తాళంచెవి లేదు. రేపు మన ప్రాజెక్టు వదిలి వెళ్ళాక వచ్చే జూనియర్‌కు ఈ గతి పట్టకూడదు.

కనుక నా అభిప్రాయమిది. నలుగురూ పంచుకొని చాలాకాలం దాచుకోవలసిన సమాచారానికి యు.టి.ఎఫ్.-8లో జేసన్ వాడటం మేలు. వరుసకొక రికార్డు పెడితే ఎవరేం మార్చారో ఇట్టే తెలుస్తుంది. ఏ గడిలో ఏముంటుందో చెప్పే పత్రం పక్కనే ఉండాలి. క్షణానికి వేల కొలతలు పంపే పరికరాలకు మాత్రం బైనరీ వాడవచ్చు. తూకం సరిగా ఉంటేనే బస్తా విలువ. అర్థం చెడకుంటేనే ఫార్మాటు విలువ. దాన్ని ఎన్నుకొనేటప్పుడు వేగం ఒక్కటే చూడక, ఆ అంకె వెనుక ఎవరి పొలం ఉన్నదో కూడా చూద్దాం!