సర్వీస్ డాగ్ పిల్లకు టార్గెట్ శిక్షణ: ఏ సాధనం కొనాలి, ఏది ఇంట్లోనే ఉంది

గత సంచికలో ఎడ్యుకేషన్ లోను దరఖాస్తు నింపడం గురించి రాశాను. ఈసారి పాఠం పూర్తిగా వేరే. వీల్‌చైర్‌లో కూర్చుని చదువుకుంటున్న పిల్లలు మన కుటుంబాల్లో కూడా ఉన్నారు. అటువంటి ఇంట్లో కుక్కకు ఒక పని నేర్పాలంటే ఏ వస్తువులు కావాలో, వేటికి డబ్బు దండగో విద్యార్థులకు, తల్లిదండ్రులకు చెప్పాలని ఈ వ్యాసం.

బెంగుళూరులో మా పక్క ఫ్లాటులో సెకండ్ పి.యు.సి. చదివే అబ్బాయి ఉన్నాడు. అతనికి నడుము కింద స్పర్శ లేదు. తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగస్తులు. కాలేజీ నుంచి వచ్చాక సాయంత్రం దాకా ఒక్కడే ఉంటాడు. ఒకరోజు కుర్చీలోంచి జారి పడ్డాడు. ఫోను టేబుల్ మీద ఉండిపోయింది. గంటన్నర సేపు నేల మీదే ఉన్నాడు. ఆ తరువాత వాళ్ల ఎనిమిది నెలల ల్యాబ్రడార్ రాజాకు ఒక పని నేర్పాలని నిశ్చయించారు: చెప్పగానే వెళ్లి వైర్‌లెస్ కాలింగ్ బెల్ నొక్కాలి. బెల్ మోగే పెట్టె మా హాల్లో పెట్టారు. కనుక ఈ వ్యవహారంలో నేనూ ఒక పార్టీని.

టార్గెట్ శిక్షణ అంటే మనం చూపిన గుర్తును కుక్క ముక్కుతోగానీ ముందుకాలితోగానీ తాకడం. తాకిన క్షణంలోనే ఒక చప్పుడు, వెంటనే చిన్న తిండి ముక్క. అది బాగా వచ్చాక గుర్తును అసలు వస్తువు మీదికి మార్చి, చివరకు గుర్తు తీసేస్తాం. ఇది కొత్త సంగతేమీ కాదు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ 1951 డిసెంబరులో 'సైంటిఫిక్ అమెరికన్' పత్రికలో జంతువులకు ఎలా నేర్పాలో రాస్తూ, కుక్క చేత అల్మరా పిడిని తాకించడమే ఉదాహరణగా ఇచ్చాడు. తాకినప్పుడు చప్పుడు చేయడానికి పిల్లల ఆటబొమ్మ చాలునన్నాడు. ఇప్పుడు క్లిక్కర్ పేరుతో అమ్ముతున్నది దాదాపు అదే.

దుకాణానికి వెళ్లే ముందు తేల్చుకోవలసింది ఒక్కటే. చివరికి ఈ పని ముక్కుతో చేయాలా, కాలితో చేయాలా? బెల్ బటన్‌కు రెండూ పనికొస్తాయి. అయితే కాలితో తాకడం నేర్చిన కుక్క తిండి కోసం మనిషి మీద కూడా కాలు వేస్తుంది. స్పర్శ లేని తొడ మీద గోరు గీరుకుంటే ఆ అబ్బాయికి తెలియదు, పుండు పడ్డాక చూసుకోవాలి. అందుకే ముక్కునే ఎంచుకున్నారు. అప్పుడు బటన్ కూడా పెద్దదిగా, మెత్తగా నొక్కుకునేదిగా ఉండాలి. అంగట్లోనే వేలి కొసతో తేలిగ్గా నొక్కి చూసి తీసుకోండి.

ఇక సాధనాలు. మొదటిది మీ అరచెయ్యి. ఖర్చు లేదు, ఎప్పుడూ దగ్గరే ఉంటుంది. కానీ చేతిని గోడకు అంటించి రాలేం కదా! అందుకని రెండో మెట్టుగా ప్లాస్టిక్ డబ్బా మూత. అరచేయంత వెడల్పు ఉండాలి. చిన్న సీసా మూతలైతే కుర్రకుక్క మింగేసే ప్రమాదం ఉంది. రంగు నీలంగానీ పసుపుగానీ మంచిది. కుక్కలు ఎరుపును, ఆకుపచ్చను వేరు చేసి చూడలేవు. దుకాణంలో మెరిసే ఎర్ర టార్గెట్లు మన కంటిని ఆకర్షించడానికి పెట్టినవి! మూడోది ఆఫీసుల్లో వాడే స్టిక్కీ నోట్. దీని గొప్పతనం ఏమిటంటే కత్తిరించవచ్చు.

టార్గెట్ స్టిక్ అని మడిచే కర్ర ఒకటి అమ్ముతారు. దూరంగా ఉన్న చోటికి కుక్కను నడిపించడానికి బాగుంటుంది. కానీ మన వీధుల్లో కర్ర ఎత్తారంటే కుక్కకు దెబ్బ అనే అర్థం. వీధి నుంచి తెచ్చుకున్న పిల్ల అయితే కర్ర చూసి మంచం కింద దూరుతుంది. అలాంటిదానికి వంటింటి చెక్క గరిటె మేలు. లేజర్ లైటు మాత్రం వద్దు. పట్టుకోవడానికి దొరకని వెలుగు వెంట పరుగెత్తి కొన్ని కుక్కలు నీడలనూ మెరుపులనూ వెంటాడే జబ్బులో పడతాయి.

క్లిక్కర్ లేకపోతే ఒక మాట చాలు. ఆ మాట ఇంట్లో మామూలుగా వాడనిదై ఉండాలి. తెలుగు, కన్నడం, ఇంగ్లీషు కలిపి మాట్లాడే మన ఇళ్లలో ఇదొక చిక్కు. నాన్న 'రా' అంటాడు, పనిమనిషి 'బా' అంటుంది, పిల్లలు 'కమ్' అంటారు. మాటల జాబితా కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి.

వయసు కూడా చూడాలి. పెద్ద జాతి కుక్కల ఎముకలు గట్టిపడటానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. అంతవరకు వెనక కాళ్ల మీద నిలబడి గోడ మీది స్విచ్చులు నొక్కించడం, బరువైన తలుపులు నెట్టించడం కూడదు. కరెంటు స్విచ్‌బోర్డు దగ్గర తడి ముక్కుతో పని అసలే వద్దు. బ్యాటరీతో నడిచే బెల్ బటన్‌ను కుక్క ముక్కు ఎత్తులో అంటించడానికి కారణం ఇదే.

మొదటి వారం అబ్బాయి అక్కయ్య నేర్పింది. తిండి ముక్క కుడిచేతిలో, మూత ఎడమచేతిలో. రాజా మూతను తాకుతోందని ఆమె సంతోషం. "అక్కా, అది మూతను చూడటంలేదు, నీ కుడిచేతిని చూస్తోంది," అన్నాడు తమ్ముడు. నిజమే. తిండి చెయ్యి వెనక్కి పెట్టాక ఇరవై సార్లలో పదకొండు సార్లే తాకింది. ఈ లెక్క నేనే రిజిస్టరులో రాస్తున్నాను, పాత అలవాటు. పది ప్రయత్నాల్లో ఎనిమిది సరిగ్గా వస్తేనే తరువాతి మెట్టు. ఒక్కో పాఠం రెండు మూడు నిమిషాలు, రోజుకు మూడు నాలుగు సార్లు. మూత చేతిలోంచి గోడకు, గోడ నుంచి బటన్ పక్కకు మారింది. తరువాత బటన్ మీదే స్టిక్కీ నోట్. దాన్ని సగం, పావు, గోరంత చేసి చివరకు తీసేశారు. తొందరపడి ఒకేసారి తీసేస్తే కుక్క అయోమయంలో పడుతుంది. అప్పుడు ఒక మెట్టు వెనక్కి వెళ్లడమే.

ఇప్పుడు నడుస్తున్న పాఠం అన్నిటికన్నా ముఖ్యమైనది. కుర్చీలో కూర్చున్న మనిషి చెబితే రాజా వెంటనే వెళ్లి నొక్కుతుంది. అదే అబ్బాయి నేల మీద పడుకుని చెబితే ముఖం నాకుతూ నిలబడిపోయింది. కుక్క లెక్కలో అది వేరే ప్రశ్న. అందుకని స్టిక్కీ నోట్ మళ్లీ అతికించి, తండ్రి దగ్గరుండగా, నేల మీద నుంచి, నీరసమైన గొంతుతో మొదటి నుంచి నేర్పుతున్నారు. ఫోను మెడలో తాడుకు వేలాడుతూనే ఉంది, కుక్క వచ్చిందని దాన్ని తీసేయలేదు. చెప్పకుండా నొక్కినప్పుడు రాజాకు తిండి లేదు, కానీ బెల్ మోగిన ప్రతిసారీ నేను వెళ్లి చూస్తున్నాను. పోయిన వారం నాలుగు సార్లు మోగింది. మూడు పాఠాలు, ఒకటి రాజా సొంత కవిత్వం.