ఒకటి గీకితే ఇరవై: పగడాల తొట్టిలో కలుపు అనిమోన్లు



నేను కోయంబత్తూరులో ముప్పై ఏళ్ళకు పైగా హయ్యర్ సెకండరీ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఇతరులకు చెప్పిన పాఠాన్ని నేనే మరిచిపోయి చేసిన ఒక తప్పును ఈసారి మీకు చెబుతాను. దాని నుంచి మనం నేర్చుకోవలసినది చాలా ఉంది.

2023లో అమెరికాలోని హ్యూస్టన్‌లో మా అబ్బాయి దగ్గర ఆరు నెలలు ఉన్నాను. పదో తరగతి చదివే మా మనవరాలు ఇంట్లో 150 లీటర్ల ఉప్పునీటి తొట్టి పెంచుతోంది. శుద్ధి చేసిన నీటిలో సముద్రపు ఉప్పు మిశ్రమం కలిపి, అలల కోసం చిన్న పంపులు, ఎండ కోసం ప్రత్యేక దీపాలు పెట్టి, రాళ్ళ మీద సజీవ పగడాలను పెంచుతారు. దీన్నే రీఫ్ అక్వేరియం అంటారు. తను దాచుకున్న డబ్బుతో జోయాంథిడ్లు అనే ప్రాణులను కొనుక్కుంది. అవి చొక్కా బొత్తాలంత ఉంటాయి. ఆకుపచ్చ, నారింజ రంగుల్లో గుంపుగా విచ్చుకుంటాయి.

ఒకరోజు "అవ్వా, కొత్త పువ్వు పుట్టింది చూడు!" అని పిలిచింది. రాతి సందులో గోధుమరంగు చిన్న పువ్వు. "నీళ్ళు బాగున్నాయి కాబట్టే వచ్చిందమ్మా" అన్నాను. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పడం నా మొదటి తప్పు.

నెలకు అవి ఏడయ్యాయి. పక్కనున్న జోయాంథిడ్లు ముడుచుకుపోయి విచ్చుకోవడం మానేశాయి. ఆ పిల్ల ముఖం చూడలేక, తను బడికి వెళ్ళినప్పుడు పాత చాకు తీసుకుని, ఉత్త చేతిని తొట్టిలో పెట్టి, ఏడింటినీ గీకేశాను. రెండు వారాలకు లెక్కపెడితే ఇరవై మూడు! "అవ్వా, నువ్వు హైడ్రా పాఠం చెప్పేదానివి కదా?" అంది. నాకు తలెత్తుకోలేనంత పనైంది. ఆ రోజే ఇద్దరం ఒక నోటుపుస్తకం తీసి మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాం.

గుర్తించడం ఎలా?

సీ అనిమోన్ పువ్వులా కనిపించే జంతువు. హైడ్రా, జెల్లీఫిష్, పగడాలు దీని బంధువులే. వీటన్నింటికీ కుట్టే దంశకణాలు ఉంటాయి. ఇంటి తొట్టెల్లో కలుపులా పెరిగేవి ముఖ్యంగా రెండు రకాలు.

1. ఐప్టేసియా: దీన్ని గాజు అనిమోన్ అని కూడా అంటారు. సన్నని కాండం, పైన పొడవుగా, మొనదేలిన స్పర్శకాలు. దూరం నుంచి చిన్న కొబ్బరిచెట్టులా ఉంటుంది. లేత గోధుమరంగులో, కొంత పారదర్శకంగా కనిపిస్తుంది. తాకబోతే చటుక్కున సందులోకి ముడుచుకుంటుంది. బాగా విసిగిస్తే ఒంట్లోంచి తెల్లని దారాలు వదులుతుంది. ఆ దారాల నిండా దంశకణాలే.

2. మజానో: పొట్టిగా, బొద్దుగా ఉంటుంది. స్పర్శకాల కొనలు గుండ్రంగా ఉబ్బి ఉంటాయి. ఆకుపచ్చ లేదా గోధుమరంగు. కొన్నింటికి కొనలు గులాబీ రంగులో ఉంటాయి. అందంగా ఉండటంతో చాలామంది దీన్ని మంచి అనిమోన్ పిల్ల అనుకుని పెంచుతారు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఈకల విసనకర్రలా విచ్చుకునే గొట్టపు పురుగులు కూడా తాకితే లోపలికి పోతాయి. వాటికి కింద గొట్టం ఉంటుంది, స్పర్శకాలు ఈకల్లా చీలి ఉంటాయి. వాటివల్ల హాని లేదు, నీటిలోని నలుసులు తిని బతుకుతాయి. అనిమోన్‌కు గొట్టం ఉండదు, స్పర్శకాల మధ్య బల్లపరుపు పళ్ళెం, దాని నడుమ నోరు కనిపిస్తాయి. భూతద్దంతో చూసి, బొమ్మ గీసుకుని, నిర్ధారించుకున్న తర్వాతే చెయ్యి వేయాలి.

గీకితే ఎందుకు పెరిగాయి?

స్విట్జర్లాండ్‌కు చెందిన అబ్రహాం ట్రెంబ్లే 1740లలోనే హైడ్రాను ముక్కలు చేసి, ప్రతి ముక్కా పూర్తి హైడ్రాగా పెరగడం చూశాడు. ఐప్టేసియా కూడా అంతే. దాని పాదం అంచు నుంచి ఊడిన చిన్న ముక్క చాలు, కొద్ది రోజుల్లో స్పర్శకాలు మొలిచి కొత్త అనిమోన్ అవుతుంది. ఎవరూ గీకకపోయినా, రాతిమీద జరుగుతూ తానే అలాంటి ముక్కలు వదిలిపోతుంది. ఇది ఒక అలైంగిక ప్రత్యుత్పత్తి పద్ధతి. పొలంలో తుంగను పైపైన పీకితే గడ్డ నేలలో ఉండి మళ్ళీ మొలుస్తుంది కదా! నా చాకు చేసింది అదే. ఊడిన ముక్కలను పంపు నీరు తొట్టంతా చల్లింది.

పోనీ మేత మానేసి మాడ్చేద్దామా అంటే అదీ కుదరదు. దీని శరీర కణాల్లో సూక్ష్మ శైవలాలు సహజీవనం చేస్తాయి. వెలుతురుంటే అవి ఆహారం తయారుచేసి పెడతాయి. అయితే మేత ఎక్కువైతే వీటి పెరుగుదల వేగం హెచ్చుతుంది కాబట్టి, మా మనవరాలు చేపలకు వేసే మేతను సగానికి తగ్గించింది.

తొలగించే పద్ధతులు

మొదటిది, రాయి చిన్నదైతే రాయితో సహా తీసేయడం. ఇది అన్నింటికన్నా సులువు.

రెండోది, సున్నపు ముద్ద. స్వచ్ఛమైన కాల్షియం హైడ్రాక్సైడ్ పొడిని కొద్ది నీటితో పెరుగులా కలిపి, సూది లేని సిరంజిలోకి తీసుకుంటాం. పంపులు ఆపి, మెల్లగా దగ్గరికి తెచ్చి, అనిమోన్ ముడుచుకునేలోగా నోటి పళ్ళెం మీద వేసి, మొత్తం కప్పేస్తాం. ఇరవై నిమిషాలయ్యాక పంపులు వేస్తాం. రీఫ్ తొట్టి నీటి పీహెచ్ సుమారు 8.1 నుంచి 8.4 ఉంటుంది. సున్నపు తేట పీహెచ్ 12 దాటుతుంది. ఆ క్షారానికే అనిమోన్ కణజాలం చనిపోతుంది. ఎక్కువ వేస్తే చేపలూ పగడాలూ కూడా పోతాయి. అందుకే మేము రోజుకు మూడు నాలుగింటికి మించి ముట్టుకోలేదు, ప్రతిసారీ పీహెచ్ చూసుకున్నాం. తాంబూలంలోకి వాడే సున్నం ఇందుకు పనికిరాదు, అందులో వేరే పదార్థాలు కలిసి ఉండవచ్చు. చేతికి తొడుగులు, కళ్ళకు అద్దాలు, పక్కన పెద్దవాళ్ళు తప్పనిసరి.

మూడోది, శత్రువును తేవడం. పెప్పర్‌మింట్ రొయ్య ఐప్టేసియాను తింటుంది. కానీ అన్ని రొయ్యలూ తినవు, పైగా అదే పోలికలో ఉండే ఒంటె రొయ్య పగడాలను కొరుకుతుంది. బెర్గియా అనే రెండు సెంటీమీటర్ల సముద్రపు నత్త ఐప్టేసియాను మాత్రమే తింటుంది. పని నెమ్మదిగా, రాత్రిపూట జరుగుతుంది. ఐప్టేసియా అయిపోతే ఆ నత్త ఆకలితో చనిపోతుంది కాబట్టి, ఇంకొకరి తొట్టికి ఇచ్చేయాలి. మజానోను ఇది ముట్టదు. అందుకే ముందు రకాన్ని గుర్తించాలి.

చేయకూడనిది ఒకటుంది. రాళ్ళను తీసి వేడినీళ్ళలో ఉడికించరాదు. జోయాంథిడ్ల జాతిలో కొన్నింటికి పాలీటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. అలాంటి రాళ్ళను ఉడికించి, ఆ ఆవిరి పీల్చి కుటుంబాలు ఆస్పత్రి పాలైన సంఘటనలున్నాయి. వాటి పక్కనే ఉత్త చేత్తో గీకిన నాకు ఏమీ కాకపోవడం నా అదృష్టం.

కలుపే పరిశోధనకు సాయం

ఏ గుణం వల్ల ఐప్టేసియా మనకు కలుపు అయిందో, ఆ గుణం వల్లే శాస్త్రవేత్తలకు ఇష్టమైంది. పగడాలు నెమ్మదిగా పెరుగుతాయి, ప్రయోగశాలలో పెంచడం కష్టం. ఐప్టేసియా సులువుగా పెరుగుతుంది, పగడాల్లాగే శైవలాలతో సహజీవనం చేస్తుంది. సముద్రం వేడెక్కితే పగడాలు ఆ శైవలాలను కోల్పోయి తెల్లబడతాయి. మన మన్నార్ సింధుశాఖలో 1998, 2010, 2016 సంవత్సరాల్లో అలా జరిగింది. ఆ సహజీవనం ఎలా తెగిపోతుందో తెలుసుకోవడానికి ఐప్టేసియాను వాడుతున్నారు. దీని జన్యుక్రమాన్ని 2015లో ప్రచురించారు.

తల్లిదండ్రులకు ఒక మాట. ఇది చదివి పిల్లలు రామేశ్వరం నుంచి పగడపు రాయి తెమ్మంటే తేవద్దు. మన్నార్ సింధుశాఖలోని 21 దీవులు 1986 నుంచి సముద్ర జాతీయ పార్కు. రాతి పగడాలకు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలు రక్షణ ఉంది. వాటిని సేకరించడం నేరం. పిల్లలకు ఆసక్తి ఉంటే మంచినీటి తొట్టితో మొదలుపెట్టించండి. చూడటం, లెక్కపెట్టడం, రాసుకోవడం అందులోనూ నేర్చుకోవచ్చు.

నేను తిరిగి వచ్చేనాటికి మా నోటుపుస్తకంలో లెక్క ఇలా ఉంది: ఇరవై మూడు, పద్నాలుగు, తొమ్మిది, రెండు. సున్నా మాత్రం కాలేదు. జోయాంథిడ్లలో సగం పోయాయి, మిగిలినవి మళ్ళీ విచ్చుకున్నాయి. మనవరాలు ఇప్పటికీ ప్రతి ఆదివారం లెక్క రాస్తుంది. కొత్త పగడం కొంటే, కొన్ని వారాలు వేరే చిన్న తొట్టిలో ఉంచి చూశాకే పెద్ద తొట్టిలో పెడుతుంది.

విద్యార్థులారా! పరీక్షలో రాసి వదిలేసిన పాఠం పనికిరాదు. హైడ్రా గురించి వందల మందికి చెప్పిన నేనే చాకు పట్టుకున్నాను. సమస్య ఎదురైనప్పుడు చెయ్యి వేసే ముందు, దీని గురించి ఎక్కడైనా చదివానా అని ఒక్క నిమిషం ఆలోచించండి.

అభ్యాసం

1. ఐప్టేసియాకు, గొట్టపు పురుగుకు మధ్య తేడాలు బొమ్మ గీసి చూపండి.
2. ఐప్టేసియాను మేత మాన్పించి ఎందుకు చంపలేం?
3. సున్నపు ముద్దను ఒకేరోజు ఎక్కువగా వాడితే ఏమవుతుంది?
4. ముక్క నుంచి లేదా కాండం నుంచి పెరిగే మరి మూడు జీవులను మీ ఇంటి చుట్టుపక్కల వెతికి రాయండి.