రిజిస్టరులో ఖాళీ గడి

బ్లడ్ క్యాన్సర్ పరిశోధనలోకి వస్తామంటూ మొన్న ఇద్దరు జూనియర్లు ఇంటికొచ్చారు. కాఫీ చల్లారేదాకా ఏదేదో మాట్లాడాను కానీ, చెప్పాల్సినవి వాళ్లు గేటు దాటాక గుర్తొచ్చాయి. అందుకే రాస్తున్నాను.

1. స్లైడు మీ కళ్లతో మీరే చూడండి. అక్యూట్ ప్రోమైలోసైటిక్ లుకేమియాలో కొన్ని కణాల్లో ఆయర్ రాడ్లు కట్టెల మోపులా పేరుకుని కనిపిస్తాయి. అది చూసిన రాత్రే ఆట్రా మందు మొదలుపెట్టాలి. జన్యు పరీక్ష రిపోర్టు కోసం కూర్చుంటే ఈలోగా మెదడులో రక్తస్రావమై మనిషి పోవచ్చు.

2. చెడిన ప్రయోగాన్ని చెత్తబుట్టలో వెయ్యకండి. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఫోలిక్ యాసిడ్ జాతి మందులిస్తే జబ్బు తగ్గకపోగా ముదిరినట్టు కనిపించింది. ఇంకొకరైతే ఫైలు మూసేసేవారు. ఆయన మాత్రం, ఫోలిక్ యాసిడ్‌ని అడ్డుకుంటే ఏమవుతుందని ఆలోచించాడు. అడ్డుకునే మందు అమినోప్టెరిన్‌ను అందించింది లెడర్లే మందుల కంపెనీలో మన భీమవరం ఎల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం. 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించింది. 1948లో అచ్చయిన ఆ వ్యాసం శీర్షికలోనే 'తాత్కాలిక' అన్న మాట ఉంది. సభల్లో సుబ్బారావు గారు మనవాడని చప్పట్లు కొడతాం. ఆ ఒక్క మాటలోని నిజాయితీని మాత్రం ఎవరూ ఎత్తరు. ఆ మందుకు తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌ను ఈనాటికీ పిల్లలకు వాడుతున్నాం.

3. వెన్నులోకి ఎక్కించే మెథోట్రెక్సేట్, నరంలోకి ఎక్కించే విన్‌క్రిస్టిన్ ఒకే ట్రేలో పెట్టనివ్వకండి. విన్‌క్రిస్టిన్ వెన్నులోకి పోతే మనిషి దక్కడం బహు అరుదు.

4. "పెద్దాయనకి జబ్బు పేరు చెప్పకండి డాక్టర్ గారూ" అంటూ కొడుకులు వరండాలో చేతులు పట్టుకుంటారు. వైద్యం సంగతైతే సందర్భాన్ని బట్టి చూద్దాం. ట్రయల్ కాగితం మీద మాత్రం, ఏ జబ్బో తెలియని మనిషి వేసిన వేలిముద్రకు విలువ లేదు.

5. ఇది నా తప్పు. క్రానిక్ మైలాయిడ్ లుకేమియా ఉన్న ఒక ఆటో డ్రైవర్‌కి ఇమాటినిబ్ మొదలుపెట్టాను. నాలుగు నెలల్లో కౌంట్లు మామూలుకొచ్చాయి. తర్వాత అతను రాలేదు. రిజిస్టరులో అతని గడి ఖాళీగా వదిలేసి, వస్తున్న వాళ్లను మాత్రమే లెక్కగట్టి, మందు అద్భుతంగా పనిచేస్తోందని వ్యాసం రాశాను. అది అచ్చయింది. ఎవరూ ప్రశ్నించలేదు. రెండేళ్లకు అతన్ని స్ట్రెచర్ మీద తీసుకొచ్చారు. ప్లీహం బొడ్డు దాకా దిగింది, రక్తం నిండా బ్లాస్టులే. "ఒంట్లో బాగానే ఉంది కదా సార్, ఇంకా మాత్రలెందుకని మానేశా" అన్నాడు. జబ్బు తగ్గలేదు, మాత్ర కింద అణిగి ఉందంతే అని అర్థమయ్యేలా అతనికి నేను ఎన్నడూ చెప్పలేదు.

ఆ తర్వాత ఫోన్లు చేయడానికే ఒక మనిషిని పెట్టుకున్నాం. రానివాళ్లు చెప్పిన కారణాలు ఏ జర్నల్లోనూ కనిపించవు: బస్సు ఛార్జీ, పోయే కూలి, నాట్లు, ఇంట్లో రెండో బిడ్డను చూసే దిక్కు లేకపోవడం. పిల్లల లుకేమియాల్లో చాలావాటికి చికిత్స రెండేళ్ల పైచిలుకు సాగాలి. అన్నాళ్లూ ఊరి నుంచి తిరగడమంటే మాటలా?

2023లో మన దేశంలోనే తయారైన కార్-టీ చికిత్సకు అనుమతి వచ్చింది, సంతోషం. మీరూ అలాంటివి చెయ్యండి. కానీ ఈ వారం ఓపీకి రావాల్సి ఉండి రానివాళ్ల పేర్లు తీసి ఫోన్ చెయ్యండి. నంబరు కలవకపోతే ఆ ఊరి ఆశా కార్యకర్తకి చెయ్యండి.